ఒత్తక్షరం

రంగం అంగళ్ళకి నేను మొదటిసారి వెళ్ళింది
టేపు పట్టుకుని.
ఏలూరు కాలువ గట్టున నలభై రెండు కొట్లు,
రేకులు, తడికెలు, ఓడ తాడుతో బిగించిన పందిరి.
నాలుగంతస్తుల పార్కింగు వస్తుందని కార్పొరేషన్ కాగితం.
కొలవడం, ఎర్ర రంగుతో అంకె వేయడం
నా ఉద్యోగం.

ఒకటో నంబరు గౌరునాయుడిది, లుంగీలు.
ఆరు బై ఎనిమిది.
వెనక గోడకి బ్లాకుబోర్డు.
సాయంత్రం ఐదు దాటితే ఇది బడి అవుతుందట,
ముఠా కూలీల పిల్లలు మూటల మీద కూర్చుని
ఎక్కాలు అప్పజెబుతారట.
నా ఫారంలో 'ఉపయోగం' అని ఒక్కటే గడి,
వేలెడంత.
'బట్టలు' అని రాశాను.

పదకొండు, ఖౌస్వే బండి.
"తిను. తర్వాత కొలుద్దువు" అని గిన్నె చేతికిచ్చాడు జోగారావు.
కారం మన గుంటూరుదే.
పులుపు ఏ ఊరిదో
నాలుకకి అడ్రసు దొరకలేదు.
బల్లల మీద ఆటోవాళ్ళు, డ్యూటీ దిగిన నర్సులు,
గవర్నర్‌పేట గుమాస్తాలు.
ఒక్కరూ ఓడ దిగినవాళ్ళు కారు.
బుడమేరు ఊళ్ళోకొచ్చిన ఏడు
ఈ పొయ్యి మీద డేగిసా పదిరోజులు దించలేదట.
ఎంతమంది తిన్నారు, అన్నాను,
లెక్కలవాణ్ణి కదా.
"గిన్నెలు కడిగినోళ్ళని అడగండి సార్."

ఇరవై ఆరు దగ్గర
నాలుగడుగుల ముసలమ్మ,
చెంపల మీద ఎండిన గంధంలాంటి పూత,
ముందు సానరాయి, కర్రముక్క, చెంబుడు నీళ్ళు.
ఇక్కడ సూరీడమ్మ. రంగంలో మా ఛో.
అరవైనాలుగులో విశాఖలో దిగేటప్పటికి ఎనిమిదేళ్ళు.
బంగారం రేవులోనే లాక్కున్నారు,
నోట్లు చెల్లవన్నారు.
ఆ పిల్ల లంగా మడతలో దాచి తెచ్చింది
ఒక కర్రముక్క.
"ఏటి సేసుకుంటావే అని మాయమ్మ తిట్టింది బాబూ.
మా ఈది సెట్టుది గదా మరి."

కాగితాలున్నాయా అమ్మా,
పట్టా, పన్ను రసీదు, పోనీ కరెంటు బిల్లు?
"నేవు బాబూ."
మరేముంది?
"తనకా ఉంది."
ఎవరి దగ్గర?
"అందరి కాడా. ఈ వరసంతటికీ నానే ఇచ్చినాను."

తనఖా, అని రాశాను.
ఒత్తు 'ఖ' పెట్టి, గుండ్రంగా,
మా తెలుగు మాస్టారు మెచ్చుకునేలా.
నలభై రెండు కొట్లకీ రాశాను.

లేవబోతే చెయ్యి పట్టుకుంది.
"ఎండకి మాడిపోనావు. కూకో."
రాతి మీద నీళ్ళు చిలకరించి, కర్ర అరగదీసి,
రెండు వేళ్ళతో నా చెంపకి రాసింది.
"ఇదే బాబూ, తనకా."

చెంప చల్లబడింది.
కలం జేబులోనే ఉంది.
ఒక ఒత్తు కొట్టేయడానికి ఎంతసేపు?
టేపు చుట్టుకుని బయల్దేరాను.

తర్వాత ఫైలు మెట్లెక్కింది, మెట్లు దిగింది.
తనఖా ఎవరికి? ఎంతకి? ఏ తేదీన?
తేలేదాకా ఇటుక కదపరాదని లీగల్ సెల్ రాసింది.
ఆర్నెల్లకోసారి నాకు మెమో.
ఆర్నెల్లకోసారి నా జవాబు:
'విచారణ సాగుతున్నది.'
అబద్ధం కాదు.
ప్రతి శనివారం వెళ్ళి విచారిస్తున్నాను,
ఖౌస్వే తింటూ.

మూడు వానాకాలాలు గడిచాయి.
నా అంకెలు సగం వెలిసిపోయాయి.
ఎప్పుడో ఒకరోజు తెలివైన కుర్రాడెవరో
నా సీట్లో కూర్చుంటాడు,
ఆ ఒత్తు మీద వేలు పెడతాడు.
అప్పుడేం చెయ్యాలో
గౌరునాయుడి బోర్డు కింద ఆదివారాలు మాట్లాడుకుంటున్నారు,
సంతకాలు పోగేస్తున్నారు.
నర్సులవీ ఉన్నాయి. ఆటోవాళ్ళవీ.
నాది ఇంకా పెట్టలేదు.

మొన్న అడిగాను సూరీడమ్మని,
అరవయ్యేళ్ళనించీ ఇదే కర్రా అని.
"అదెప్పుడో అరిగిపోనాది.
ఇది కొండపల్లి కాడి వెలగ."

వాసన అదేనా?
సానరాయిని ముక్కుదాకా ఎత్తి చూసింది.
"కొంచిం తేడా" అంది.
"నానూ కొంచిం తేడాయే గదా బాబూ ఇప్పుడు.
ఇటు తిరుగు, ఈ చెంప."