మధ్యాహ్నం షిఫ్టు

తొమ్మిదేళ్లు నేను తేదీలు చదివాను.
షార్జాలో, ఇండస్ట్రియల్ ఏరియా వెనక వీధిలో
కేటరింగ్ కంపెనీ గోదాములో
టమోటా డబ్బాల అడుగున, పాలపొడి సంచుల మెడ మీద
ఎప్పుడు పుట్టిందో ఎప్పటికి పోతుందో చూసి
ముందొచ్చినదాన్ని ముందు పంపేదాన్ని.
బీయస్సీ లెక్కలు అందుకు చాలు.

శుక్రవారాలు రోల్లాలో ప్రసన్న టీచరు ఫ్లాటు.
మూడో అంతస్తు. లిఫ్టు మీద ఎప్పుడూ అదే కాగితం: పనిచేయదు.
పద్నాలుగు మందిమి.
మందుల షాపులో నిలబడే యమున,
పనిపోయిన డ్రాఫ్ట్స్‌మన్ సూర్యకుమార్,
పెళ్లయ్యాక ఎమ్మెస్సీని ఇస్త్రీ మడతల్లో దాచుకున్న ముగ్గురు.
టీచర్లు నిలవని బడులకు
పన్నెండు వారాల్లో టీచర్లను చేస్తానంది ఆవిడ.
పన్నెండు వారాల్లో గుమ్మడిపాదు కాయ పట్టొచ్చు గానీ
మనిషి గొంతు మారుతుందా?
"ఈ గోడకు ఏమీ రాదు, నేర్పండి" అనేది.
నేర్పాం. గోడ ఎదురు మాట్లాడలేదు.

ఏడు-డి మాట్లాడింది.
నలభై ఏడుగురు, ఒక ఏసీ, దానికి దగ్గు.
పొద్దుటి షిఫ్టు పిల్లల చిప్స్ నలకలు ఇంకా బెంచీల మీదే.
మలయాళం, పంజాబీ, బంగ్లా, నడుమ మా కడప యాస,
ఒక్కో వరుస ఒక్కో బస్టాపు.
నిష్పత్తులు చెప్పాను. చెయ్యి వణక్కుండా చెప్పాను.
చివరి బెంచీలో మోకాళ్లు ఇరికించుకు కూర్చున్న ప్రసన్న టీచరు
పోతూ పోతూ చీటీ ఇచ్చింది:
"బోర్డుకు బాగా అర్థమైంది."

ఆ రాత్రి అన్నం సయించలేదు.
గోదాము జీతంకన్నా నాలుగొందల దిర్హాములు తక్కువ.
డిగ్రీ పట్టా ఇంకా ముద్రల కోసం ఆఫీసులు తిరుగుతోంది.
పాత సూపర్‌వైజరు నంబరు తీసి, చూసి,
ఫోను బోర్లా పెట్టేశాను.

మూడో బెంచీలో ఓబులేశు రోజూ నిద్రపోయేవాడు.
చెంప మీద స్పైరల్ పుస్తకం అచ్చు.
ఒకసారి అరిచాను.
రెండోసారి పక్కన వంగి అడిగాను.
"రాత్రి మంచం మా మామది మేడమ్.
పొద్దున మా నాయన ట్యాంకరు దిగొచ్చి పండుకుంటాడు.
నాకు మద్దేన్నం వస్తాది.
మద్దేన్నం ఇస్కూలు గదా."

పుస్తకంలోంచి బోర్డు మీదికి ఎక్కించిన
మామిడిపళ్లన్నీ తుడిచేశాను.
ఒక మంచం. ముగ్గురు మనుషులు. ఇరవై నాలుగు గంటలు.
ఎవరి పేరూ రాయలేదు.
అయినా గది మొత్తం లేచి కూర్చుంది.
"మాకు నలుగురికి ఒకటి!"
"సోఫా కూడా లెక్కేనా మిస్?"
"మా చెల్లి సూట్‌కేసు మీద పడుకుంటుంది, దానికేం వెయ్యాలి?"
కిటికీ పక్కనుంచి నర్గిస్ అంది,
"మా అమ్మ నిద్రపోవడం నేనెప్పుడూ చూళ్లేదు. సున్నా వెయ్యనా?"

మార్కరు నా చేతిలో ఆగింది.
వెయ్యమనలేదు. వద్దనలేదు.

గంట కొట్టేసరికి ఎవరి లెక్క వాళ్లకు తేలింది.
ఓబులేశుకు కూడా.
మూడింట ఒకటి, ఎనిమిది గంటలు,
కాగితం మీద.

ఆనాటి చీటీలో ఇంతే:
"లెక్క సరే. నిద్ర?"

స్టోర్‌కీపరుకు ఒక్కటి మాత్రం తెలుసు,
వాడకుండా పడి ఉన్న సరుకు ఎక్కడుంటుందో.
నర్సు గదిలో ఒక మంచం.
రెక్సిన్ చిరిగింది, పైన రెండు పాత గ్లోబులు,
ఒకదానికి ఆఫ్రికా సొట్ట.
తాళం ఇవ్వనంది నర్సు షీబా, సంతకం తెమ్మంది.
సంతకానికి నాలుగు రోజులు తిరిగాను,
టమోటా డబ్బాల కోసం కూడా ఇంత తిరగలేదు.

ఇవాళ, ఒంటిగంటన్నర.
హాజరు పిలుస్తున్నాను.
ఓబులేశు పేరు దగ్గర ఎవరూ పలకలేదు.
కారిడారు చివర తలుపు దగ్గరగా వేసి ఉంది.
గళ్లో టిక్కు పెట్టి
"నిష్పత్తులు, రెండో భాగం" అన్నాను,
కొంచెం మెల్లగా.