అగరువత్తి నీళ్లు

వరికోతలయ్యాక మా నబెజోకొ చెరువుకి తూము తీస్తాం.
నబెజోకొ అంటే కుండ అడుగు.
నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో
ఈ గుట్టల నడుమ మన్ను మోసి, తొక్కి, దిమ్మిస కొట్టి
వానని కూర్చోబెట్టిన చోటు.
సానుకిలో నదులు పేరుకే నదులు.
పొద్దున పుట్టి సాయంత్రానికి సముద్రంలో పడతాయి.

ఈ ఏడు కట్ట మీదికి నలుగురమే వచ్చాం.
ఇవావోకి మోకాళ్లు లేవు.
షిగెనోకి చెవులు లేవు.
నాకు ఓపిక లేదు గాని తూము తాళంచెవి ఉంది.
నాలుగోవాడు తొవాన్, వియత్నాం నుంచి
వెల్లుల్లి పొలాల్లో పనికొచ్చిన పిల్లాడు.
గొలుసు లాగాల్సింది వాడే.

బిరడా కదిలింది.
ముందు గుడగుడ.
తర్వాత టీ రంగు నీళ్లు.
ఆ వెనక వాసన,
మా నాన్న చొక్కా వాసన.

నాన్న నీరటికాడు.
కరువు రోజుల్లో గడియారాన్ని ఎవరూ నమ్మేవారు కారు.
గడియారం ఉన్నవాడిదే గదా గడియారం!
అందుకని పొలానికో అగరువత్తి.
మడి ఎంతుంటే వత్తి అంత పొడుగు.
వెలిగిస్తే మడవ తియ్యాలి,
ఆరితే కట్టెయ్యాలి.
నిప్పు కొలిచినన్ని నీళ్లు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. లాంతరు పట్టుకోవడం నా పని.
ఆ రాత్రి తోకు పొలం వంతు.
మొగుడు పోయి నెల, వీపున చంటిది,
ఆమె మడి నెర్రెల్లో నా చెయ్యి మణికట్టు దాకా దిగేది.
నాన్న ఆమె వత్తి చుట్టూ
రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు.
గాలి తగలని నిప్పు నిదానంగా తింటుంది.

తర్వాత మా వంతు.
మా వత్తిని బూడిదపెట్టెలోంచి తీసి
కట్ట మీది గాలికి ఎత్తి పట్టుకున్నాడు.
ఆకలి మీదున్నట్టు
ఎర్రగా, గబగబా కాలిపోయింది.
తెల్లారేసరికి లెక్క సరిపోయింది.

నేను చూశాను.
చూశానని నాన్న చూశాడు.
లాంతరు కొంచెం పక్కకి తిప్పాను.
ఆ ఏడాదంతా బార్లీ గంజి.
ఎందుకో అమ్మకి చివరిదాకా తెలీదు.

తర్వాత కొండకి సొరంగం తవ్వి
పక్క జిల్లా నదిని మా మడుల్లోకి తెచ్చారు.
కుళాయి తిప్పితే వరి.
చెరువుని అడిగేవాడు లేడు.
ఇప్పుడు ఆఫీసు నుంచి కాగితం:
వాడుకలో ఉన్నదా? ఆయకట్టు ఎంత? సభ్యులు ఎందరు?
లేదంటే కట్ట తెంపేస్తాం,
భూకంపం వస్తే కింద ఇళ్లున్నాయి.
తప్పు మాట కాదు.
కట్ట నిండా నీటెలుకల బొరియలు.
కింద రెండో ఇల్లు షిగెనోదే.
ఆవిడకి వినపడేలా ఇంకా ఎవరూ చెప్పలేదు.

నీళ్లు దిగాక
బురదలో ఒక సైకిల్, మూడు బంతులు,
కొంగలకి వారానికి సరిపడా పండగ.
తొవాన్ అరచేయంత గవ్వచేపని పైకి తీసి
అది నోరు మూసుకునేదాకా చూసి
మిగిలిన మడుగులో మళ్లీ పెట్టాడు.
"ఈ బురద ఎవరిది?" అని అడిగాడు.
మోసుకున్నవాడిది అన్నాను.
హాస్టల్ వెనక మిరప కుండీలకని
రెండు బకెట్లు నింపుకున్నాడు.

వానలదాకా చెరువు ఇట్లాగే ఎండాలి,
పరుపు ఎండినట్టు.
నీళ్లకి కూడా పక్క దులపాలి అనేవాడు నాన్న.

పోయే ముందు ఆయన పేరున ఒక వత్తి వెలిగించబోయాను.
గాలి. మూడు పుల్లలు వృథా.
తొవాన్ బురద చేతులు రెండూ అడ్డం పెట్టాడు.
నా ఊపిరి అక్కడే ఆగింది.
వత్తి అంటుకోగానే వాడు వంగి
ఆ నిప్పుతోనే సిగరెట్ ముట్టించుకున్నాడు.
ఇవావో మోకాళ్లు పట్టుకుని ఒకటే నవ్వు.

కాగితం ఇంకా నా జేబులోనే ఉంది.
సభ్యులు ఎందరు అన్న గడి మీద
బురద వేలిముద్ర.
ఎవరిదో చూడలేదు.