ఉప్పు వెనకే నీళ్లు

దామలచెరువు నుంచి మొదటి బస్సుకే వచ్చినారు.
ఆమె పేరు హేమావతి. ఒళ్లో ఎనిమిది నెలల పాప,
ఆకుపచ్చ గౌను, మెడ దగ్గర ఎండిన తెల్లటి చార.
"ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటాది మేడం,
ఎండుచేపకి పెట్టినట్టు" అంది.
ఎందుకన్నానా అని వెంటనే నాలుక కరుచుకుంది.

ముగ్గురు డాక్టర్లు ఆ మాట రాసుకోలేదు.
దగ్గు రాశారు. జిడ్డు విరేచనాలు రాశారు.
బరువు పెరగలేదని ఎర్ర ఇంకుతో గీత గీశారు.
నాలుగో ఆయన పెన్ను ఆపి, మళ్లీ చెప్పమ్మా అని,
చీటీ మీద ఒకటే ముక్క: చెమట.

చెమట కొలవడం నా ఉద్యోగం.
తిరుపతిలో, ఆస్పత్రి వెనకవైపు, జనరేటర్ పక్క గది.
కిటికీ తీస్తే డీజిలు వాసన, దాని మీదుగా కొండ.
మెట్లెక్కి దిగివచ్చినవాళ్ల వీపులు
బస్టాండులో రోజూ చూస్తాను, పిండుకోవచ్చు.
అంత తడిసీ వాళ్లు ఉప్పు పెద్దగా పోగొట్టుకోలేదు.

చర్మం అడుగున చుట్ట చుట్టుకున్న గొట్టంలో
ఉప్పూ నీళ్లూ కలిసే బయల్దేరతాయి.
దారి పొడుగునా సన్నని గేట్లు,
క్లోరైడును రెక్క పట్టి లోపలికి లాగేస్తాయి.
గడప దాటేది దాదాపు ఉత్త నీళ్లే.
ఒళ్లు పిసినారిది.

పాప ముంజేతికి రెండు బిళ్లలు కట్టాను,
కాస్త మందు, చీమ నడిచినంత కరెంటు.
ఏడవలేదు. నా గాజులు లెక్కపెడుతున్నట్టు చూసింది.
ఇక అరగంట, చుక్క చుక్కా పోగవ్వాలి.

దొరస్వామి గోడకానుకుని అడిగాడు,
"చెమటకీ దగ్గుకీ ఏం సంబంధం మేడం?"
అదే గేటు, అన్నాను. చర్మంలో లోపలికి లాగుతుంది,
ఊపిరితిత్తిలో, కడుపు వెనక గ్రంథిలో బయటికి తోస్తుంది.
ఉప్పు ముందు నడిస్తే నీళ్లు దాని వెనకే.
గేటు తెరుచుకోకపోతే
నీళ్లకి పిలుపు రాదు.

కాసేపు ఆలోచించాడు. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ కూలీ.
"తోతాపురి గుజ్జు మాదిరి. నీళ్లు తగ్గితే పైపులో బిగుసుకుంటాది.
బయటినుంచి కొట్టుకుంటా ఉండాల."
అవును, అన్నాను. వీపు తట్టాలి. రోజూ. రెండు పూటలా.
పదేళ్లుగా నేను చెప్పేది ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

గేటు బయట పచ్చిమామిడి బండి ఆగింది.
కత్తి చప్పుడు, కారప్పొడి డబ్బా మూత.
గదిలో ముగ్గురం ఒకేసారి గుటక వేశాం.
ఎవరి నోట్లో వాళ్లకి ఎక్కడో తలుపులు తెరుచుకున్నాయి.
నవ్వొచ్చింది. నవ్వేశాం కూడా.

తొంభై నాలుగు.
అరవై దాటితే చాలు.
మిషను కడిగాను. తెలిసిన ఉప్పునీళ్లు పోసి సరిచూశాను.
మిషను తప్పు కాదు.
అంకె డాక్టరుకే చెప్పాలి, ఇంకోరోజు మళ్లీ చెయ్యాలి, అది రూలు.
హేమావతి నా మొహం చూసి ఏమీ అడగలేదు.
వంగి పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుని
పెదాలు నాక్కుంది, మెల్లగా,
తన లెక్క తాను సరిచూసుకున్నట్టు.

నేను కిటికీ వైపు తిరిగాను.
నా కంటి గ్రంథుల్లో గేట్లు సిగ్గులేకుండా పనిచేస్తున్నాయి,
ముందు ఉప్పు, వెనకే నీళ్లు.

పోతూ పోతూ దొరస్వామి తలుపు దగ్గర ఆగాడు.
"ఉప్పు తగ్గించాల్నా మేడం, ఎక్కువ పెట్టాల్నా?"
డాక్టరు చెప్తారు. ఎక్కువే ఉండొచ్చు, పోతా ఉంది కదా.
మొహం ఒక్క క్షణం తేటపడింది.
"ఉప్పయితే కొనగలం" అన్నాడు.