కుమైతు

దేవరకద్ర సంతల ఆనాడు ఎనిమిది గుర్రాలున్నయి,
ఏడిటి ముందు ఎవ్వలు నిలబడలే.
తెల్లదాని చుట్టు మాత్రం
చెరుకు రసం బండి చుట్టు ఈగల లెక్క జనం.
మెడకు పూసల దండ, నుదుట కుచ్చులు,
కొనేటోడు రాకముందే పెండ్లికి తయారైంది.
లక్షా అరవై అన్నడు బేరగాడు.
నా కొంగున డెబ్బై రెండు వేలు,
నాయిన టాంగా అమ్మితె వచ్చినయి పద్దెనిమిది,
మిగిలినయి సంఘం అప్పు.

చిచ్చా లాలప్ప లాడాలు కొట్టేటోడు.
ముప్పై ఏండ్లు గుర్రాల కాళ్ళే చూసిండు,
మొకాలు ఆయనకు యాదుండయి.
తెల్లదాని పెదవి ఎత్తిండు. గులాబి.
కంటి చుట్టు తోలు నిమిరిండు. అదీ గులాబి.
"పాలమూరు ఎండకు అప్పడం లెక్క కాల్తది బిడ్డా,
కొత్తల్లునికి పట్టినట్టు దీనికి గొడుగు పట్టాలె."
పెండ్లోళ్ళు తెల్లదే అడుగుతరు చిచ్చా, అన్న.
ఆయనకు ఇనపడలే.

వరుస చివర, ట్రాక్టర్ నీడల
ఒక కుమైతు నిలబడ్డది.
పాత చింతపండు రంగు ఒళ్ళు, నల్లటి జూలు,
ఎనక కాలొక్కటే తెలుపు,
సున్నం బకెట్ల పొరపాటున పెట్టినట్టు.

గా ఒక్క కాలు మీద గంటసేపు పంచాయితి.
ఒంటి కాలు తెలుపైతె ఇల్లు ముంచుతది, అన్నడొక ముసలాయన.
కాదు, కుడిదైతె ముంచుతది, ఎడమదైతె తేలుస్తది, అన్నడింకొకాయన.
నుదుట సుడి ఒకటా రెండా అని
వేళ్ళు పెట్టి లెక్కబెట్టిండ్రు,
లెక్క కుదరక బీడీలు ముట్టిచ్చిండ్రు.
చిచ్చా ఆ కాలు ఎత్తి, డెక్క మీద సుత్తెతోని తట్టి,
కొత్త కుండ కొనేటప్పటి లెక్క చెవి పెట్టి ఇన్నడు.
ఎనకకు పోయి
ఖాళీ నూనె డబ్బా ధనాలున పడేసిండు.
ఆరు గుర్రాలు లేచినయి.
కుమైతు ఒక చెవి తిప్పింది, గడ్డి ఆపలే.
తెల్లది గూడ కదలలే, అబద్ధమెందుకు.
తెల్లది మంచి గుర్రమే.
నా పైసలకు అందని మంచి గుర్రం.

అరవై ఎనిమిదికి తెగింది బేరం.
ఇంటి ముందు అమ్మ చూసి అన్నది:
"దీనికి బొగ్గుల బండి కడతవానే?"

మూడు ముహూర్తాలు ఫోను మోగలే.
మోగినోళ్ళకు ఫోటో పంపిన.
వైట్ లేదా, అని ఒక్క ముక్క.
తెల్ల దుప్పటి కప్పుత అన్న ఒకాయనతోని,
పెండ్లి ఊరేగింపు గుర్రానికా దుప్పటికా అని నవ్విండు.
నవ్వొచ్చింది నాకు గూడ,
తర్వాత ఉలవల బస్తా ఖర్చు యాదికొచ్చింది.

నాలుగో ముహూర్తం, మక్తల్.
వాళ్ళు మాట్లాడుకున్న తెల్ల గుర్రానికి కడుపునొప్పి,
రాత్రి ఎనిమిదింటికి నన్ను పిలిచిండ్రు.
వాగు వంతెన నడుమ జనరేటర్ ఆగింది.
పాట ఆగింది. లైట్లు పోయినయి.
పెండ్లికొడుకు జూలు పట్టుకున్నడు,
నేను కళ్ళెం పట్టుకున్న,
అది ఎవ్వలనీ పట్టుకోలే,
నిలబడ్డది.
ఎవ్వడో అదే సందున బాంబుల లడీ ముట్టిచ్చిండు.
నిలబడ్డది.

లైట్లొచ్చినంక చూసిన:
నా కుమైతు నీలమైంది, ఎర్రగైంది, పచ్చగైంది,
దాని మీద పెండ్లికొడుకు గూడ.

పైసలిచ్చేటప్పుడు ఐదు వందలు కోసిండ్రు.
"రంగు తక్కువున్నది గద అక్కా."
కొట్లాడలే.
రంగుకు విలువ లేదంటె నమ్మను నేను.
ఉన్నది.
మూడు ముహూర్తాలు, ఐదు వందలు.
నోట్‌బుక్కుల రాసిపెట్టిన, లాడాల ఖర్చు పక్కన.

పొద్దుగాల కడుగుతుంటె చూసిన,
వాగు బురదకు ఆ ఒక్క తెల్ల కాలు గూడ
చింతపండు రంగు తిరిగింది.
కడిగిన. మల్ల తెల్లగైంది.
ఏది ముంచుతదో ఏది తేలుస్తదో,
నాలుగు కాళ్ళకూ ఒక్కతీరుగ ఆముదం రాసిన.
ఎల్లుండి కోస్గిల పెండ్లి.
వాళ్ళు ఫోటో అడగలే.