మూల మీది బంతి

నేను పొడి చేస్తాను, జంఫీరా లెక్క చేస్తుంది.
మా మధ్య రెండంతస్తుల మెట్లు,
ఆరునెలల తగువు.

నా పొడి చల్లగా ఉన్నంతసేపూ వంగపువ్వు రంగు.
వేడిచేస్తే తెల్లబోతుంది,
ఎవరో మొహం మీదే నిజం చెప్పేసినట్టు.

ఒక్కో ఇనుప పరమాణువుకీ పైన ఆరు ఎలక్ట్రాన్లు.
చలిలో మూడు జంటలై ఒదిగి పడుకుంటాయి,
అయస్కాంతం పిలిచినా పలకవు.
వెచ్చబడిందా,
ఒక్క జంట మిగిలి, నాలుగు విడిపోతాయి,
ఎవరి గది వాళ్ళది.
అప్పుడు పిలిస్తే తల తిప్పి చూస్తాయి.
ఇల్లు కూడా కాస్త ఉబ్బుతుంది, వెంట్రుకలో లక్షో వంతు కూడా లేని ఉబ్బు,
పక్కింటి గోడకి మాత్రం అది తెలుస్తుంది.

జంఫీరా తెర మీద ఇనుమూ లేదు, రంగూ లేదు.
బంతులు. బంతికీ బంతికీ నడుమ స్ప్రింగు.
కంప్యూటరు పాచిక వేస్తుంది: ఈ బంతి లావెక్కాలా, వద్దా?
ఎక్కితే పక్కది జరగాలి, దాని పక్కది జరగాలి,
ఎక్కడో ఆ చివరిది, ఏం జరిగిందో తెలియకుండానే, కదలాలి.
తెల్లవార్లూ అదే పని.
ఆమె కాఫీ మీద మీగడ కట్టేది.

పెద్ద పలుకులు చేసినన్నాళ్ళూ మాకు పేచీ లేదు.
వేడెక్కేటప్పుడు ఒక దారి, చల్లారేటప్పుడు ఇంకో దారి,
రెండు దారుల మధ్య ఒకే ఉష్ణోగ్రత దగ్గర
అదే పొడి వంగపువ్వు, అదే పొడి తెలుపు.
నువ్వేమిటని దాన్ని అడిగి లాభం లేదు,
ఎటునుంచి వస్తున్నావని అడగాలి.
ఆమె గీతా నా గీతా ఒకదానిమీద ఒకటి పడేవి.

నలకలు చిన్నవి చేశాను.
ఇంకా చిన్నవి.
రెండు దారులూ దగ్గరికొచ్చేశాయి,
పైగా ద్రవ నైట్రోజన్ చలిలో కూడా
నూటికి పద్ధెనిమిది ఇనుములు నిద్రపోలేదు.
ఆమె బంతులు మాత్రం బుద్ధిగా అన్నీ పడుకున్నాయి.
"నీ పొడిలో మురికుంది," అంది.
"నీ బంతులకి లోకం తెలీదు," అన్నాను.
డిసెంబరంతా మెట్ల మీద తలవంచుకుని నడిచాం.

ఫిబ్రవరిలో, యాష్ నగరం మంచు కరిగి నల్లబడ్డ రోజుల్లో,
కోపోవు గుట్ట దిగే పాత ట్రాములో
వెనక పొడుగాటి సీటు, దాని లోపలి స్ప్రింగులు నా వయసువి.
ఆ బంతిలో చివరన జంఫీరా.
అక్రూటు కాయల మూటతో ఒకావిడ
నడిమధ్య కూలబడింది.
అందరూ ఆవిడ వైపు ఒరిగారు, ఒకరినొకరు ఆపుకుంటూ.
చివరనున్న జంఫీరా మాత్రం ఎగిరింది.
ఇటు పక్క మనిషి, అటు పక్క గాలి.

తిన్నగా నా గదికొచ్చింది, బూట్ల బురదతోనే.
"మూల బంతికి పొరుగు ఒకవైపే కదా!
రెండోవైపు ఎవరున్నారు?"

ఎవరున్నారు?
నేనే పోశాను వాటిని. నీళ్ళు.
నలక చర్మం మీద ఇనుముకి
ఒకవైపు దక్కాల్సిన గట్టిపట్టు దక్కక
నీటి అణువు మెత్తగా చెయ్యి పట్టుకుంటే,
ఆ కాస్త పట్టుకి ఎలక్ట్రాన్లు ఎందుకు జతకడతాయి?
మురికి అన్నది దీన్నేనేమో.
నేను ఒప్పుకోలేదు. నీళ్ళు మురికెలా అవుతాయి?

ఆమె అంచు బంతులకి నిద్ర తీసేసింది.
మేలుకున్న చర్మం లోపలివాటిని బయటికి లాగుతూనే ఉంటుంది,
కుదించుకోనివ్వదు,
పడుకున్నవి కూడా కలతగా పడుకుంటాయి.
గీత దిగొచ్చి నా చుక్కల దగ్గర ఆగింది.
అన్నిటి మీదా కాదు. చలి చివర ఇంకా మూడు పాళ్ళు తేడా.
ఆ మూడింటి గురించి నిన్న మళ్ళీ అరుచుకున్నాం.

ఆమె వెళ్ళాక తాళం వేస్తూ చూశాను:
రేడియేటర్ మీద మర్చిపోయిన సీసా,
గాజుకి ఆనుకున్న వైపు తెల్లబోవడం మొదలైంది.
నడుమ ఇంకా వంగపువ్వే.
తీసి కిటికీలో పెట్టాలా, వద్దా?
కోటు వేసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.