ఇరవై కాడ

దొరసామి టెంపో అయితే
కదిలేదానికే మూడు వందలు,
ఆపైన కిలోమీటరుకు ఇరవై.
బాషా బండికి ముందు ఏమీ వద్దు,
కిలోమీటరుకు ముప్పై అయిదు.

దామలచెరువు తోటలో, తోతాపురి గంపల నడాన
గ్రాఫు కాయితం పరిచినాను.
ఒక గీత మూడు వందల మెట్టెక్కి నిదానంగా,
ఇంకోటి సున్నా కాడ్నించే రొప్పుకుంటా.

"యాడ కలిసినాయి పాపా?"
ఇరవై కాడ నాయనా, ఏడు వందలు.

సొన అంటిన వేలు ఆ చుక్క మీద పెట్టి
శానాసేపు చూసినాడు.
"ఇరవై అంటే, పూతలపట్టు దాటినాక టీ బంకు.
ఇద్దురూ ఆడే ఆపుతారులే."

జ్యూసు ఫ్యాక్టరీ ఇంకా ఎనిమిది ఉండాది.
చుక్క దాటినాక దొరసామి గీతే కింద.
నాయన ఫోను తీసినాడు.

రేపు లెక్కల సారుకు చూపించాల.
ఎంత రుద్దినా
చుక్క మీద మామిడి మరక పోలేదు.