రైలు లేటు

ఆరుంబావుకి లెడ్జరు మూసి,
కస్టమ్స్ ముద్రల సిరా వేళ్ళకి అలాగే ఉండగా
సెకండ్ లైన్ బీచ్ సందు మొగలో నిలబడతాను.
బల్బు కింద నారింజ రంగు నూడుల్స్ కుప్ప,
దాని వెనక దైవానై,
"అత్తో! అత్తో!" అని కేక.

మొదటిసారి ఆ కేకకి ఉలిక్కిపడి వెనక్కి చూశాను,
సూళ్ళూరుపేట నుంచి మా అత్తే వచ్చి
నా వీపు వెనక నిలబడిందేమోనని.
కాదు. బర్మా తిండి పేరట.
సంగతి చెప్తే దైవానై నవ్వింది,
నా అరవం సగమే అర్థమైనా.

ఇక్కడ గరిటె లేదు.
చేత్తోనే కలుపుతుంది:
పచ్చి కోసు తురుము, ఉల్లి, చింతపులుసు,
వేగిన వెల్లుల్లి, దాని నూనెతో సహా,
కాల్చిన మిరప పొడి,
అరచేతిలో నలిపిన కరకర బేజో.
ఆ చెయ్యి గిన్నెలో అయిదు సార్లు తిరుగుతుంది,
ఆరోసారి తిరగదు. ఎందుకంటే
"మా అమ్మ అయిదే తిప్పేది" అంది.
వాళ్ళమ్మ రంగూన్లో తిప్పింది. ఈమె ఆ ఊరు చూడలేదు.

ప్లాస్టిక్ కాగితం పరిచిన పళ్ళెం,
స్టీలు గ్లాసులో అరటిదూట చారు
పొగలు కక్కుతూ, ఉచితం, ఎన్నిసార్లైనా.
నా ఎడమ పక్క వాచీలు బాగుచేసే మస్తాన్ సాయబు,
కుడి పక్క కాలేజీ పిల్లలు, ఒకే పళ్ళెం, మూడు చేతులు.
హార్బరు లారీ మా వీపులు రాసుకుంటూ పోతుంది.
ఎవరూ ఎవర్నీ ఏ ఊరని అడగరు.
ఉడికిన గుడ్డుని నడిమికి చీల్చి
వేపుడు ఉల్లి కూరి, పులుసు పోసి అందిస్తే
ఒక్క బుగ్గలో పెట్టెయ్యాలి. కొరికితే చీర పాడు.
ఆ బుగ్గ ఉబ్బినంతసేపు
నేను ఎవరి కోడల్నీ కాను.

తర్వాత రెండు లవంగాలు నములుతూ
మూర్ మార్కెట్ స్టేషన్‌కి పరుగు.
మూడేళ్ళుగా ఇంట్లో ఒకటే మాట: రైలు లేటు.
రైల్వే వాళ్ళు దావా వేస్తే ఓడిపోతాను.
ఆ రైలు మంగళవారాలే ఎందుకు లేటవుతుందో
ఎవరూ అడగలేదు.

కిందటి మంగళవారం పొద్దున
డబ్బాలో పెరుగన్నం సర్దుతూ అత్త,
తలెత్తకుండా:
"ఇవాళ కూడా రైలు లేటేగా?
ఆ లేటు నాక్కూడా కాస్త కట్టించుకు రా.
వెల్లుల్లి బాగా పడుతుందనుకుంటా దాంట్లో."

దైవానైకి చెప్తే నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది,
అరచేతుల నిండా నూనె మరి.
నూడుల్స్ వేరే, కోసు వేరే, పులుసు వేరే,
బేజో విడిగా కాగితంలో.
"దారిలో కలిపావో, చచ్చిందే.
స్పూను ముట్టొద్దని చెప్పు మీ అత్తోకి."
గుమ్మిడిపూండి దాటేసరికి బోగీ అంతా వెల్లుల్లి.
ఎదురు సీటు పూలావిడ
తన మల్లెల బుట్ట అవతలికి జరుపుకుంది.

వంటింట్లో పీట మీద కూర్చుని
అత్త తన చేత్తోనే కలిపింది. ఏడుసార్లు తిప్పింది.
నేనేం అనలేదు.
సగం తిన్నాక అడిగింది, ఎక్కడిదే ఇది?
"బర్మాదంట. రంగూన్."
"రంగమా?"
చెయ్యి పళ్ళెంలో ఆగింది.
"మా కోరంగి తాత రంగం పోయి మళ్ళీ రాలేదు.
ఓడ మునిగిందన్నారు. అక్కడ ఇంకొకత్తి ఉందన్నారు.
మా మామ్మ పోయేదాకా
రెండూ నమ్మలేదు."

పళ్ళెం అంచుకి అంటిన బేజో ముక్కని
వేలితో తీసి నోట్లో వేసుకుని
"ఇదిగో, ఇక్కడ నిలబడి తింటూ ఉండుంటాడు,
ఓడ లేటని చెప్పి" అంది.

కాసేపటికి,
చారు కట్టలేదా అని అడిగింది.